కంప్యూటర్ కోసం నేను చెప్పిన నంబరు

పెద్దమనుషుల ముందు పరువు పోగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. కానీ ఆ పెద్దమనుషులను తనే పిలిపించి, కుర్చీలు తనే తుడిచి, టీ బిస్కెట్లు తనే తెప్పించి మరీ పోగొట్టుకున్న మనిషిని చూడాలంటే మీరు నా దగ్గరికే రావాలి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఛత్రినాక నుంచి రోజూ బస్సెక్కి విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో టైపు కొట్టడానికి వెళ్లేదాన్ని. ఉద్యోగం తాత్కాలికం, బిడియం పర్మినెంటు. దిగాల్సిన స్టాపు వచ్చిందని కండక్టర్‌కు చెప్పలేక, రెండు స్టాపులు ముందుకు పోయి వెనక్కి నడిచి వచ్చిన రోజులున్నాయి. చెప్పలేని మాటలన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. కండక్టర్‌తో నేను ఆడిన పోట్లాటలన్నీ అందులో ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ నేనే గెలిచాను.

ఒకరోజు మా సూపరింటెండెంటు నర్సింగరావు సారు పిలిచారు.

"అనసూయమ్మా, మనకు కంప్యూటర్ వచ్చే మౌకా ఉన్నది. మార్కుల మెమో పోయిందని వచ్చెటోళ్లకు నకలు ఇయ్యాలంటే ఎన్ని దినాలు పడుతున్నదో నీకు ఎరికనే. మెషీన్ ఎందుకు కావాలె, ఉంటే ఏం లాభం, లేకుంటే ఏం నష్టం, అంత వివరంగ రాసి కమిటీ ముందల పెట్టాలె. నువ్వు బీకామ్ గద, లెక్కలల్ల పక్కా ఉంటవు."

బీకామ్ అన్నది నిజం. లెక్కల్లో పక్కా అన్నది ఆయన సొంత కవిత్వం. సరిదిద్దుదామని నోరు తెరిచాను. అందులోంచి "సరే సార్" బయటికి వచ్చింది.

"ఇంకో మాట," అన్నారు సారు. "మెషీన్ వస్తే దాని ముందల కూసునేది నువ్వే. పర్మినెంటు. రాకుంటే మార్చి దాటినంక నీ పోస్టే ఉండది."

నోరు విప్పే పనిలేని యంత్రం ముందు, జీవితాంతం, జీతంతో సహా! దేవుడు నా డైరీ చదివి సృష్టించిన ఉద్యోగం అది. ఆ కుర్చీ సంపాదించి తీరాలని ఆ రాత్రే డైరీలో రాసి కింద రెండు గీతలు గీశాను.

ఇరవై రెండు పేజీల ప్రతిపాదన తయారు చేశాను. పద్ధతి చాలా శాస్త్రీయం. అర్జీ వచ్చిన తారీకు, నకలు ఇచ్చిన తారీకు రెండూ మా పుస్తకంలోనే ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, అన్నీ కూడి సగటు కట్టాను. ఇరవై మూడు రోజులు. "ఈ ఇరవై మూడు రోజులూ పాత రిజిస్టర్లలో వెతుకులాటకే పోతున్నాయి" అని రాసేశాను.

ఆ రిజిస్టర్లున్న గదిని నేనెన్నడూ చూడలేదు. అది పత్తర్‌గట్టి వెనక ఒక పాత దేవిడీలో, నవాబుల కాలం నాటి భవంతిలో ఉంది. దాన్ని చూసుకునే ఖాజా మియాను దూరం నుంచి చూడటమే తప్ప పలకరించింది లేదు. అక్కడికి వెళితే ఆయనను ఏదో ఒకటి అడగాలి. అడగాలంటే నోరు విప్పాలి. దానికన్నా ఇరవై రెండు పేజీలు రాయడమే తేలిక కదా, మీరే చెప్పండి.

మా బాపుకు నాలుగు బర్రెలున్నాయి. ఆయన దాణా కలుపుతుంటే పక్కన పీట వేసుకుని ప్రతిపాదన మొత్తం చదివి వినిపించాను. ఒక బర్రె మధ్యలోనే లేచిపోయింది. బాపు మాత్రం చివరిదాకా విన్నాడు.

"మంచిగనే రాసినవు బిడ్డా. గని కాగితం మీద ప్రతి బర్రె పది శేర్ల పాలిస్తది. కొనెటోడు నమ్మాలంటే ఎదురుంగ పిండి సూపియ్యాలె."

నాకు జ్ఞానోదయమైంది. మర్నాడు సారుకు చెప్పాను. చెప్పాను అంటే, కాగితం మీద రాసి ఆయన టేబుల్ మీద పెట్టాను. కమిటీని దేవిడీలోనే కూర్చోబెట్టాలి. ఒక నంబరు చెప్పి ఆ రికార్డు వెతికించాలి. దుమ్ము లేస్తుంది, తుమ్ములు వస్తాయి, మధ్యాహ్నం దాటుతుంది, ఆకలేస్తుంది. సాయంత్రానికి వాళ్లే పెన్ను అడిగి సంతకం పెడతారు.

సారు చదివి, "మస్తు దిమాక్ ఉన్నది నీకు," అన్నారు. ఆ ముక్క కూడా డైరీలో ఉంది. ఇప్పుడు ఆ పేజీ రాగానే రెండు పేజీలు కలిపి తిప్పేస్తాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను డైరీలో గెలిచి రచ్చకెక్కాను.

దేవిడీకి వచ్చిన కమిటీలో ఐదుగురు. అధ్యక్షుడు స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు. ఆయన కళ్లద్దాల్లోంచి చూస్తే బంగారం దుకాణంలో తూకానికి కూర్చున్నట్టు అనిపించింది. నేను లేచి నాలుగు వాక్యాలు చదివాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయన చేత్తో ఆపి, సగటు ఉన్న పేజీ తీశారు.

"ఇరవై మూడు రోజులు. అంతా వెతకడానికేనా?"

"అవును సార్."

"అయితే చూద్దాం. ఒక నంబరు చెప్పమ్మా."

నేను తయారుగానే ఉన్నాను. ముప్పై ఏళ్ల కిందటి నంబరొకటి, ఏ మూల ఏ కట్ట కింద ఉందో ఎవరికీ తెలియనిది, పది రోజులు బట్టీ పట్టాను. కానీ ఐదు జతల కళ్లు ఒక్కసారిగా నా మీద పడేసరికి అది ఆవిరైపోయింది. బుర్ర నిండా వెతికితే ఒకే ఒక్క నంబరు దొరికింది. ఒకప్పుడు అరచేతిలో రాసుకుని, అమ్మవారి ముందు నెలల తరబడి జపించిన నంబరు. నా హాల్ టికెట్ నంబరు. అదే చెప్పేశాను.

అది రెండో ఏడాది మార్చి పరీక్షది. కనీసం సెప్టెంబరుది గుర్తొచ్చినా బాగుండేది.

"ఠీక్ హై బేటీ," అని ఖాజా మియా అల్మారాల వెనక్కి వెళ్లారు. సారు నాకేసి చూసి నిశ్చింతగా టీ పోయమన్నారు. మూడో కప్పు నిండకముందే ఖాజా మియా రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చేశారు. ప్రొఫెసరుగారు గడియారం చూసుకున్నారు. మూడు నిమిషాలు.

రికార్డు తీస్తే పైకి చదవడం ఖాజా మియా అలవాటట. నా పేరు ఆయనకు తెలియదు. ఎట్లా తెలుస్తుంది, ఎన్నడైనా మాట్లాడితే కదా.

"పి. అనసూయ. బాపు పేరు మల్లయ్య. ఇంగ్లీష్ యాభై నాలుగు. తెలుగు అరవై ఎనిమిది. స్టాటిస్టిక్స్..." అద్దాలు సర్దుకున్నారు. "పదిహేడు. ఫెయిల్."

"అనసూయ అంటే..." అన్నారు సారు.

ప్రొఫెసరుగారు ప్రతిపాదన మొదటి పేజీ తిప్పారు. "తయారు చేసినది: పి. అనసూయ" అని టైపు రిబ్బను ఎరుపుకు మార్చి మరీ కొట్టుకున్నాను.

ఖాజా మియాకు నా మొహం చూసి జాలేసింది. "అరే, నీదేనా బేటీ? ఫికర్ జెయ్యకు. సెప్టెంబర్‌ల పాసయ్యే ఉంటవు, తెస్త ఆగు."

"వద్దు చాచా," అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. వినబడలేదు. అర నిమిషంలో రెండో రిజిస్టరు వచ్చింది.

"ముప్పై ఆరు. చూసిన్రా సాబ్, పాసయింది పిల్ల." సొంత కూతురు గట్టెక్కినంత సంబరం ఆయన మొహంలో.

రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవకూడదంటారు. రోలు నాది, తల నాది, రోకలి కూడా నేనే కిరాయికి తెచ్చాను.

"మూడు నిమిషాలు, అర నిమిషం," అన్నారు ప్రొఫెసరుగారు. "సగటు రెండు నిమిషాలు కూడా లేదు. మరి ఆ ఇరవై మూడు రోజులు ఎక్కడికి పోతున్నాయి?"

అబద్ధమాడటం ఖాజా మియాకు రాదు. "ఈడికెళ్లి అదే దినం పోతది సాబ్. అటెన్క సూప్రండెంట్ సాబ్ టేబుల్ మీద దస్తకత్ కోసం ఉంటది."

నర్సింగరావు సారు చేతిలోని బిస్కెట్టును చాలా శ్రద్ధగా పరిశీలించసాగారు.

ప్రొఫెసరుగారు ఫైలు మూసి తాడు చుట్టడం మొదలుపెట్టారు. ఆ తాడులో నా కుర్చీ చుట్టుకుపోవడం నాకు కనబడుతోంది. అప్పుడు నాకేమైందో ఇప్పటికీ తెలియదు. పదిహేడు మార్కులు బయటపడ్డాక దాచుకోవడానికి ఇంకేమీ మిగలకపోవడం వల్ల కాబోలు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"చాచా, మీకు ఇంక ఎన్ని దినాల నౌకరి ఉన్నది?"

"మూడు నెలలు బేటీ."

"మీరు పోయినంక ఎవరు వెతుకుతరు?"

"అల్లాకే ఎరిక."

"ఏది ఏడున్నదో ఏడనన్న రాసి పెట్టిన్రా?"

ఆయన నవ్వి తలమీది టోపీని వేలితో తట్టారు. "అంత ఈడనే ఉన్నది."

ఐదుగురూ ఆ టోపీని చూశారు. తర్వాత పైకప్పు దాకా పేర్చిన కట్టలను చూశారు. మళ్లీ టోపీని చూశారు. తాడు చుడుతున్న చెయ్యి ఆగింది.

"ఈ సంగతి ఇరవై రెండు పేజీల్లో ఎక్కడుందమ్మా?"

"లేదు సార్."

"ఎందుకు లేదు?"

"ఈడికొచ్చి అడగలేదు సార్. అడగాలంటే భయమైంది."

వారం తర్వాత కమిటీ నిర్ణయాలు టైపుకు వచ్చాయి. టైపిస్టును నేనే కాబట్టి నా చేతులతో నేనే కొట్టాను. మొదటిది, కంప్యూటర్ మంజూరు చేయడమైనది. రెండవది, పి. అనసూయ మూడు నెలల పాటు ప్రతి రోజూ ఖాజా మియా పక్కన కూర్చుని, ఆయనకు తెలిసినదంతా అడిగి రాసుకోవలెను. నోరు విప్పనవసరం లేని కుర్చీకి దారి, చూశారా, తొంభై రోజుల ముచ్చట్ల మీదుగా వేశారు. మూడవది, ప్రతిపాదనలోని లెక్కలను ప్రతిపాదించినవారు తప్ప మరెవరైనా సరిచూడవలెను.

బాపుకు చెబితే బర్రె మీద చెయ్యివేసి నిలబడి నవ్వాడు. "పాలు పిండి సూపియ్యమంటే, పాత పేడ గూడ ఎత్తి సూపిచ్చినవు గదనే."

ఇప్పుడు ఆ కుర్చీలో నేనే ఉన్నాను. పాత రికార్డులన్నీ నేనే ఎక్కించాను. ఒక నంబరు దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి. గదిలో ఎవరూ లేరు. ఒకటి, ఏడు అనే బదులు ఏడు, ఒకటి అని నొక్కితే చాలు, స్టాటిస్టిక్స్‌లో నాకు డెబ్బై ఒకటి. ఎంతసేపు అలా చూస్తూ కూర్చున్నానో. చివరికి పదిహేడే నొక్కాను.

నా నిజాయితీని మెచ్చుకోకండి. ఖాజా చాచా పింఛను కోసం నెలనెలా వస్తారు. వచ్చిన ప్రతిసారీ నన్ను పలకరిస్తారు, ఆయనకు ఆ పేజీ మొత్తం కంఠతా వచ్చు.

కాబట్టి నా డైరీ సాక్షిగా, మా నాలుగు బర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరు ఏ నంబరు చెప్పమన్నా, ముందు పక్కవాళ్లను అడిగి వాళ్లదే చెబుతాను.