చిలుం పట్టని తీగలు

చిట్టమూరు దాటి రొయ్యల గుంటల దారిలోకి మళ్ళగానే కృపాదానం మోపెడ్‌కు అడ్డంగా ఒక చెయ్యి లేచింది. పంక్చరైన ఆటో పక్కన ల్యాప్‌టాప్ సంచి పొదువుకుని నిలబడి ఉంది అబిగయీలు. చూడనట్టు పోదామనుకున్నాడు గాని, ఒకే చర్చిలో పక్క వరసలో కూర్చునే పిల్ల. ఆపక తప్పలేదు.

"వందనాలన్నా! ముత్యాలయ్యన్న గుంటల కాడికేనా?"

"ఇంకేడికి పోతా? ఎక్కు."

మైలు దూరం పోయారు. ఆకాశం పొద్దుటినుంచీ మూసుకునే ఉంది.

"ఏందన్నా, ఉలకవు పలకవు?"

"రోడ్డు చూస్తుండా."

"ఈ రోడ్డు నీకు కొత్తా!"

పద్నాలుగో ఏట సూళ్లూరుపేటలో మోటారు వైండింగు నేర్చి, ఇరవై రెండేళ్లుగా ఈ గుంటలనే నమ్ముకున్నవాడు కృపాదానం. నీళ్లను చిలికి రొయ్యలకు ఊపిరి పోసే చక్రాల యంత్రాలు, ఏరియేటర్లు, ఏవి ఆగినా గుంటల యజమాని ముత్యాలయ్య నోట వచ్చే పేరు అతనిదే. ఈ ఉప్పుగాలికి రాగితీగ మూణ్ణెల్లకే పచ్చగా చిలుం పడుతుంది. విప్పడం, గీకడం, మళ్లీ బిగించడం: సగం జీవితం అలాగే గడిచింది. అబిగయీలు తీగలకు చిలుం పట్టదు. అవి తెర మీద ఉంటాయి.

ఆమె పని చూస్తే పిల్లలాట అనిపిస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్‌కు తెర మీద ఒక రంగు డబ్బా. 'నాలుగు కన్నా తగ్గిందా?' అని అడిగేందుకు ఇంకో డబ్బా. ఏరియేటర్‌కొకటి, వాన కబురు తెచ్చే వెబ్‌సైటుకొకటి, ముత్యాలయ్య ఫోనుకు మెసేజి పంపేందుకు మరొకటి. వేలితో ఒకదాన్నుంచి ఇంకోదానికి గీత లాగితే చాలు, గట్టు మీద చక్రం తిరుగుతుంది. వెనకటికి టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో ఆడపిల్లలు తీగలు గుచ్చి ఊరినీ ఊరినీ కలిపేవాళ్లు. అప్పట్లో వాళ్లను చూసి టపా మోసేవాడికి కడుపు మండిందో లేదో ఎవరూ రాసిపెట్టలేదు. కృపాదానానికి మాత్రం మండింది. పాస్టరుగారు ఆ పిల్ల తెలివికి దేవునికి స్తోత్రం చెప్పిన ఆదివారం, అతని ఆమేన్ గొంతు దాటలేదు.

పది రోజుల కిందట, ముత్యాలయ్య గుంటలకు ఈ ఏర్పాటు బిగించడం పూర్తయ్యాక ఆమే అడిగింది: "నేను తెలుసుకోవాల్సింది ఇంకేమన్నా ఉందా అన్నా?"

ఉంది. మేత పళ్లేలు చూడటానికి థర్మాకోల్ తెప్ప మీద గుంటలోకి పోయే మనిషి, పోయేముందు తన తువ్వాలు గట్టు మీది ఏరియేటర్ స్టార్టర్ పిడికి చుట్టి పోతాడు. తువ్వాలు ఉన్నంతసేపూ ఆ స్టార్టర్‌ను యజమాని కూడా ముట్టడు. తెర మీది డబ్బాకు తువ్వాలు కనపడదు.

"ఏం లేదులే," అన్నాడు కృపాదానం. ఆ పిల్ల నలుగురిలో ఒక్కసారి తలదించుకోవాలి, అప్పుడు చెబుదాం. ఆక్సిజన్ తగ్గేది తెల్లవారుజామున, మనిషి దిగేది ఎండలో. ఏం కాదులే అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

ఇవాళ ఎండ లేదు. మబ్బు పట్టిన రోజు పగలు కూడా ఆక్సిజన్ పడిపోతుంది.

బండి గట్టెక్కేసరికి ముత్యాలయ్య ఫోను పట్టుకుని గంతులేస్తున్నాడు. "రా పాపా! ఆక్సిజన్ నాలుగుకు దిగతా ఉండాది. ఇప్పుడు చక్రం దానంతటదే లేస్తాది! నువ్వూ చూడబ్బా కృపాదానం, నేర్చుకుందువు."

కృపాదానం ఫోను చూడలేదు. స్టార్టర్ పిడికి ఎర్ర తువ్వాలు. నీళ్లలో, చక్రానికి మూరెడు దూరంలో, తెప్ప మీద వంగి మేత పళ్లెం లాగుతున్నాడు గుంటల పనివాడు మాల్యాద్రి. బండి అక్కడే పడేసి కృపాదానం కరెంటు మెయిన్ స్విచ్చి దగ్గరికి పరుగెత్తాడు. పిడి కిందికి గుంజేలోపే చక్రం రెండు చుట్లు తిరిగింది. తెప్ప తిరగబడింది.

మెడలోతు నీళ్లలోంచి లేచాడు మాల్యాద్రి. "ఎవుడ్రా, తువ్వాలు చూడకుండా ఆన్ చేసింది? కళ్లు నెత్తికెక్కినాయా?"

ఎవరూ చేయలేదు. అబిగయీలు కృపాదానం వైపు తిరిగింది. "తువ్వాలేందన్నా? నేను అడిగినా కదా నిన్ను!"

"అడిగినావు. తెలిసే చెప్పలేదు," అన్నాడు కృపాదానం నేల చూస్తూ.

ఆమె మేత బస్తాల మీద ల్యాప్‌టాప్ తెరిచి, "ఇప్పుడు చెప్పు," అంది.

"గట్టు మీద ఒక స్విచ్చి. మనిషి అది వేసే దిగాల. అది వేసున్నంతసేపూ నీ డబ్బాలు ఏం కూసినా చక్రం లేవకూడదు."

అతను సంచిలోంచి పాత స్విచ్చి తీసి, వైరు కొన గీకి, బిగించడానికి గంట పట్టింది. ఆమె ఇంకో డబ్బా తెచ్చి గీత లాగడానికి నిమిషం. స్విచ్చి వేసి, ఆక్సిజన్ మూడని దొంగలెక్క ఇచ్చి చూశారు. చక్రం కదల్లేదు. తన గంటనీ ఆమె నిమిషాన్నీ లెక్క వేసుకుంటూ అతను పనిముట్లు సంచిలో సర్దాడు.

"ఈ డబ్బాకు నీ పేరే పెడతానన్నా," అంది అబిగయీలు, పాత నవ్వు ఇంకా పూర్తిగా రాకుండానే.

"పెట్టు పాపా, పెట్టు!" పకపకా నవ్వాడు ముత్యాలయ్య. "ఇంక ఆయన్ని పిలిచే పనే ఉండదు!"

ఆమె పేరు కొట్టి తలెత్తేసరికి, టెస్టరు జేబులో పెట్టుకుని కృపాదానం బండి మీద మూడో గుంట గట్టు దాటిపోతున్నాడు.