రేగుల మడికి దారి

మా నాయిన ఊరికి నీరడి. కుంట తూము తెరవడం, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూడడం, గండి పడితే పూడ్చడం ఆయన పని. చదువు లేదు. భూములకు సర్కారు నంబర్లు ఉంటాయని తెలుసు గానీ, ఆ నంబర్లతో ఆయనకెప్పుడూ పని పడలేదు. పొద్దున్నే పార భుజాన వేసుకొని వాడకట్టు మొదట్లో నిలబడి, "ఇయ్యాల రేగుల మడికి, పొద్దుమీకి పీర్ల చెలక కింది మళ్ళకు" అని కేక వేస్తే చాలు, ఎవరు పొలానికి పోవాలో వాళ్ళకు తెలిసిపోయేది.

ఊరి భూమి మొత్తానికి అలాంటి పేర్లే. ఊట బాయి, బుడ్డ తూము, చాకలోళ్ళ బండ, గొల్లోని గడ్డ. కొత్తకుంట అనే కుంట ఊళ్ళో అన్నిటికంటే పాతది. రేగుల మడిలో నేను పుట్టేనాటికే ఒక్క రేగు చెట్టు కూడా లేదు. పేరుకు అర్థం ఏమిటని ఎవరూ అడగరు. ఆ పేరు చెబితే కాళ్ళు వాటంతట అవే ఆ గట్టు మీదికి నడుస్తాయి, అంతే.

మా మేనత్త, అంటే మా నాయిన చెల్లెలు, ఊళ్ళోనే కాపురం చేసింది. ఆమె తొలిచూలు ఆడపిల్ల. పేరు పెట్టకముందే పోయింది. పసిపిల్లలను మా ఇళ్ళల్లో పూడ్చిపెడతారు. రేగుల మడి మా మామది. మడి మూలలో, గట్టు కింద పూడ్చి పైన ఒక రాయి పెట్టారు. పేరు లేని పిల్ల కాబట్టి ఇంట్లో ఆమె మాట వస్తే "రేగుల మడి పిల్ల" అనేవాళ్ళు. ప్రతి పెత్రమాస నాడు, చనిపోయినవాళ్ళకు బువ్వ పెట్టే ఆ అమావాస్యకు, అత్త గిన్నెలో ఇంత అన్నం, పప్పు, బెల్లం ముక్క పట్టుకొని వెళ్ళి ఆ రాయి దగ్గర పెట్టి, కాకి ముట్టేదాకా కూర్చొని వచ్చేది. తర్వాత నలుగురు పిల్లలు పుట్టారు, పెరిగారు. పెత్రమాస మాత్రం తప్పలేదు.

నేను సర్వే పని నేర్చుకున్నాను. ముందు ఒకాయన దగ్గర గొలుసు పట్టాను, తర్వాత సొంతంగా కొలిచాను. ఇస్నాపూర్ చుట్టూ, ముత్తంగి చుట్టూ, అటు భానూర్ దాకా భూములు అమ్ముడవుతున్న రోజులవి. నాకు చేతినిండా పని. గీసిన ప్రతి ప్లానులో నంబర్లు రాశాను. పేర్లు రాయలేదు. రాయమని ఎవరూ అడగలేదు. నాకు తట్టనూ లేదు. తట్టనే లేదంటే అది కూడా అబద్ధమే. ఒకటి రెండుసార్లు పెన్సిలుతో చిన్నగా రాసుకొని, సాఫు కాపీ తీసేటప్పుడు చెరిపేశాను. ప్లాను మీద 'గొల్లోని గడ్డ' అని ఉంటే కొనేవాళ్ళు నవ్వుతారని నాకు సిగ్గు.

మా ఊరి మళ్ళు కూడా ఒక గోదాముల కంపెనీకి పోయాయి. మామ రేగుల మడి అమ్మాడు. అందరూ అమ్మారు. కొలిచింది నేనే.

కొలతలో అసలు సంగతి ఎక్కడి నుంచి మొదలుపెట్టామన్నదే. మా ఊరు, పక్కనున్న రెండు ఊళ్ళు కలిసే చోట పాతకాలపు హద్దురాయి ఒకటి ఉండేది. మూడూళ్ళ రాయి అనేవాళ్ళు. ఏ కొలతైనా ఆ రాయి నుంచి మొదలుపెట్టి దానికి కట్టాలి. అట్లా కడితే, పైన ఏం కట్టినా, ఏం తవ్వినా, ఎన్నేళ్ళకైనా కింద ఏ గట్టు ఎక్కడుందో మళ్ళీ పట్టుకోవచ్చు. ఆ రోజు ఎండ మండిపోతోంది. రాయి తుమ్మకంపల అవతల, నడిస్తే కొంచెం దూరం. కంపెనీ వాళ్ళు అప్పటికే ఒక మూలన గోడ లేపారు.

"సారూ, రాయి దాక పోదమా?" అని అడిగాడు నాతో వచ్చిన గొలుసు పట్టే అతను.

"పోయి ఏం జేస్తవ్? గోడ మూలకెల్లి పట్టు" అన్నాను.

రేగుల మడి మూలలో మా అత్త బిడ్డ ఉందని నాకు తెలుసు. పిల్ల మీద పెట్టిన రాయి కనబడుతూనే ఉంది. ఇంకోసారి వచ్చి మూడూళ్ళ రాయి నుంచి కొలుచుకుందాంలే అనుకున్నాను. ఇంకోసారికి జేసీబీలు వచ్చి మట్టి అంతా ఒక మట్టానికి తెచ్చేశాయి. తర్వాత చుట్టూ గోడ పూర్తయింది. అత్త ఇక వెళ్ళలేదు. వెళ్ళనివ్వరని ఆమె అనుకుంది. నేను కాదనలేదు.

ఇదంతా పాత మాట. మొన్న మొన్నటి సంగతి రెండేళ్ళ కింద మొదలైంది.

మామ పోయాక అత్త ఇప్పుడు కొడుకుతో ఇస్నాపూర్‌లో ఉంటుంది. ఒక రేకుల గదుల వరస. పక్క గదుల్లో ఒడిశా వాళ్ళు, బిహార్ వాళ్ళు. ఒకడు డ్యూటీకి పోతుంటే ఇంకొకడు దిగి వచ్చి అదే చాప మీద పడుకుంటాడు. గాలి తిరిగినప్పుడు మందుల ఫ్యాక్టరీల వాసన గొంతులో దిగుతుంది. అత్త గడప మీద కూర్చొని వచ్చేపోయే వాళ్ళను చూస్తూ ఉంటుంది. ఆ ఏడు పెత్రమాసకు ముందు నాకు ఫోన్ చేయించింది. వెళ్ళాను.

"అల్లుడా, నీతోని జెర పనివడ్డది."

"ఏంది అత్తా?"

"నా పిల్లకు ఇంత బువ్వ వెట్టి రావాలె. గోడ గట్టినకాడికెల్లి పోనేలేదు. నేను గిట్ల ఎన్ని దినాలుంటనో. ఒక్కపారి రేగుల మడి కాడికి తోల్కపో."

కోడలు లోపల రొట్టె చేస్తూ నవ్వింది. "యాదగిరిగుట్టకు తోల్కపోతమంటే రాదన్నా. ఏడుపాయలకు రాదు. రేగుల మడే గావాల్నట మహారాణికి."

"నువ్వు రొట్టె మాడకుంట జూస్కో, గుట్ట ముచ్చట నాకొద్దు" అంది అత్త.

"అక్కడ గోదాములైనయ్ అత్తా" అన్నాను.

"అయితే? భూమి ఏడికి వోతది? కిందనే ఉంటది గద. కొలిచింది నువ్వేనాయె. నీకు తెల్వకుంటే ఇంకెవ్వలకు తెలుస్తది?"

నాకు తెలియదని ఆ క్షణమే చెప్పాల్సింది. "చూస్తనత్తా" అని వచ్చేశాను.

మర్నాడు పాత ప్లాను పట్టుకొని ఒక్కడినే వెళ్ళాను. నేను ఏ గోడ మూల నుంచి కొలిచానో ఆ గోడనే తీసేసి, ఇంకా ముందుకు జరిపి కట్టారు. ప్లానులోని గీతలకు ఇక భూమ్మీద పట్టు లేదు. మూడూళ్ళ రాయి కోసం పోయాను. తుమ్మకంపలు ఉన్న చోట రోడ్డు ఉంది. రోడ్డు పక్కన ఒక పంక్చర్ షాపు, దాని ముందు లారీలు.

"ఇక్కడ పాత హద్దురాయి ఒకటి ఉండెనే?"

షాపతను ట్యూబును నీళ్ళలో ముంచుతూనే అన్నాడు. "రాయా? గన్ని రాళ్ళుండె సారూ. అన్నీ రోడ్డు కిందికే వోయినయ్. ఏం, ప్లాట్ పంచాయితా?"

"కాదు."

"మరింకేంది? రాయి కోసం ఎవ్వడన్న తిరుగుతడా?"

ఆ సాయంత్రం అత్తకు నిజం చెప్పడానికే వెళ్ళాను. ఆమె అప్పటికే గిన్నె తోమి బోర్లించి పెట్టింది. కొడుకుతో కొత్త బియ్యం తెప్పించింది. నేను టీ తాగి వచ్చేశాను.

పెత్రమాస నాడు ఆటోలో తీసుకెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ బిహార్ అతను, మంచివాడే. "యహా కోయీ మడీ-వడీ నహీ హై చాచా, సబ్ గోడౌన్ హై" అన్నాడు, మడీ గిడీ ఏమీ లేదు, అన్నీ గోదాములే అని. అత్త చేతిలోని గిన్నె చూశాక మాత్రం ఏమీ అడగలేదు. "జల్దీ కర్‌నా" అని తొందరపెడుతూ చిన్న గేటు తీశాడు.

లోపల ఎటు చూసినా సిమెంటు. గోదాముల వెనక, గోడకూ మురికి కాల్వకూ మధ్య మాత్రం సన్నని మట్టి పట్టీ మిగిలి ఉంది. గడ్డి మొలిచింది. మట్టి కనబడింది అక్కడొక్కచోటే.

"ఇదే అత్తా" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసింది. "ఇదేనా? మరి ఊట బాయి?"

"ఆ గోడవతలికి వోయింది."

"బుడ్డ తూము?"

"గీ కాల్వనే అనుకో."

ఒక అబద్ధం నిలబడాలంటే పక్కన ఇంకోటి పాతాలి. పాతుకుంటూ పోయాను. చేయి చాపి చూపించాను కూడా, సర్వేవాడు చూపించినట్టే.

అత్త కూర్చుంది. గడ్డి పీకి జాగా చేసి, విస్తరాకు పరిచి అన్నం పెట్టింది. "ఏమే, గిన్నేండ్లు ఉపాసమున్నవా? నేను రాకపోతి. మీ మామ తోల్కొచ్చిండు సూడు" అంది. వయసుకు వస్తే ఆ పిల్లకు నేను మామనయ్యేవాడిని కాదు, బావనయ్యేవాడిని. అత్తకు ఆ వరస మతికి లేదు. పిల్ల పిల్లగానే ఉండిపోయింది ఆమెకు.

కాకి కోసం చాలాసేపు కూర్చున్నాం. రాలేదు. లారీలు వెనక్కి తిరుగుతూ కూతలు పెడుతున్నాయి. చివరికి వాచ్‌మన్ వచ్చి నిలబడితే లేచింది. "కాకులు గూడ అమ్ముకొని వోయినట్టున్నయ్" అంది. ఆటోలో నా చేయి పట్టుకొని, "నీకు పుణ్యముంటది అల్లుడా" అంది.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ పాపం నా ఒక్కడిదే అయ్యేది. అత్త ఊరుకోలేదు. గదుల వరసలో చెప్పింది, మార్కెట్లో చెప్పింది, పాత ఊరి వాళ్ళు ఎవరు కలిసినా చెప్పింది. ఒకరోజు మా ఊరి పెద్దమనిషి ఒకాయన నన్ను బస్టాపులో పట్టుకున్నాడు. వాళ్ళ మెట్ట భూమి పీర్ల చెలక కూడా ఆ కంపెనీ లోపలే పోయింది.

"రేగుల మడి జాగ దొరికిందట గదరా! గోదాముల ఎన్క కాల్వ పొంటి?"

"ఆ... అక్కడనే."

"అయితే మా చెలక దానికి పైనుండె గద. అంటే గా పెద్ద షెడ్డు కిందనే మాది. నేను ఇన్ని దినాలు గేటు కాడ అనుకుంటున్న." మురిసిపోయాడు. "మా పోరగాండ్లకు సూపియ్యాలె."

చూపించాడని తర్వాత విన్నాను. ఇంకెవరో చాకలోళ్ళ బండ ఎక్కడో తేల్చుకున్నారట, పీర్ల చెలకను బట్టి. నేను చెరిపేసిన పేర్లన్నీ ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. అన్నీ తప్పు చోటికి. ప్రతిదీ నేను వేలు పెట్టి చూపించిన ఆ మట్టి పట్టీ నుంచే కొలుచుకుంటున్నారు. నా బతుకులో నేను గీసిన వాటిలో అందరూ నమ్మిన ప్లాను అదొక్కటే.

ఇప్పుడు నిజం చెప్పవచ్చు కదా అని నన్ను నేను అడుగుతుంటాను. చెబితే, మరి అసలు జాగా ఎక్కడ అని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు. ఉన్నదాన్ని లాక్కొని దాని స్థానంలో ఏమీ పెట్టలేకపోవడం ఒకసారి చేశాను, గోడ మూల నుంచి గొలుసు పట్టమన్న రోజున. రెండోసారి చేసే ధైర్యం రాలేదు. ఇది దయ అని నాకు నేను చెప్పుకోను. పిరికితనమే.

నిరుడూ ఆమెను అక్కడికే తీసుకెళ్ళాను. ఈ ఏడు పెత్రమాసకు అత్త మోకాళ్ళు లేవనివ్వలేదు. కోడలు గిన్నె కట్టి ఇచ్చింది.

"నువ్వే వెట్టి రా అల్లుడా" అంది అత్త. "జాగ ఎరికైనోనివి నువ్వే."

ఆటో ఎక్కి కంపెనీ పేరు చెప్పబోయాను. డ్రైవర్ కుర్రాడు గిన్నె చూసి, "రేగుల మడి కాడికేనా అన్నా?" అన్నాడు. అవునన్నాను. గేటు దగ్గర పాత వాచ్‌మన్ లేడు, కొత్త అతను. నేను నోరు తెరవకముందే గోదాముల వెనక కాల్వ వైపు చేయి చూపించాడు. "రేగుల్‌మడీ? సీధా జావ్ చాచా, నాలే కే పాస్."

వెళ్ళాను. గడ్డి పీకి, విస్తరాకు పరిచి, అన్నం పెట్టాను. ఆ పిల్ల ఏ షెడ్డు కింద ఉందో, ఏ లారీ చక్రాల కింద ఉందో తెలియదు. దండం ఎటు తిరిగి పెట్టాలో కూడా తెలియలేదు. కాకి కోసం చూశాను. ఆకాశంలో ఒక్క పిట్ట లేదు. ఖాళీ గిన్నె పట్టుకొని తిరిగి వచ్చాను.

అత్త గడప మీదనే కూర్చుని ఉంది.

"వెట్టినవా?"

"పెట్టిన అత్తా."

"కాకి ముట్టిందా?"

"ముట్టింది" అన్నాను.