మామ రేసు సైకిలు మూడు జిల్లాల పాలైన కథ

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు జీతం కంటే ముందు అభిరుచులు వచ్చాయి. నాగర్‌కర్నూల్‌లో ఓ ఆఫీసులో గుమాస్తా పని, ఫోన్లో ‘పాత చక్రాలు’ అనే వాట్సాప్ గ్రూపులో చోటు, రెండూ ఒకే నెలలో దొరికాయి. ఏది గొప్పదని అడిగితే గ్రూపే అనేవాణ్ణి. అందులో ఒక పెద్దమనిషి ఉండేవాడు. అందరం ఆయన్ని నిపుణుడుగారు అని పిలిచేవాళ్ళం (ఆయన సైకిలు తొక్కుతుండగా చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు). ఎవరు పాత సైకిలు ఫోటో పెట్టినా ఆయన రాసేది ఒకటే మాట: ‘ఒరిజినల్ కాదు.’ ఆ మాట పడకుండా ఒక్క ఫోటో పెడితే చాలు, జన్మ ధన్యమైపోతుందనుకునే వయసు నాది.

బిజినేపల్లిలో మా మేనమామ దగ్గర అలాంటి సైకిలు ఒకటి మూలన పడి ఉండేది. ఆయన వయసులో ఉన్నప్పుడు బొంబాయికి పనికి పోయి, తిరిగొస్తూ తెచ్చుకున్న రేసు సైకిలు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, వెనక చక్రానికి ఐదు పళ్ళచక్రాలున్న ఫ్రీవీలు. మామకు మోకాలు అరిగిపోయి ఆపరేషన్‌కు రోజు కూడా ఇచ్చేశారు. అప్పుడు నన్ను పిలిచి, “అల్లుడా, ఆపరేషన్ అయినంక కాలు వంగుతదో లేదో తెల్వదు. గా లోపల్నే ఒక్కసారి దీన్ని బజారెంబడి తొక్కాలె. జర నడిచేటట్టు చెయ్యి,” అన్నాడు. (నడవనీయని మోకాలు సైకిలెట్లా తొక్కనిస్తుందని అత్త అడిగింది. మామ సీటు మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.) ఆయన అడిగింది నడిచే సైకిలు. నేను మొదలుపెట్టింది ఒరిజినల్ సైకిలు.

మా వైపు దుకాణాల్లో ఒక పద్ధతి ఉంది. కావలసిన సామాను పేరు చెబితే ఎవరూ వినరు, నమూనా చూపాలి. చూపితే సరిపోదు, అక్కడ వదిలి రావాలి. గద్వాలలో సైకిలు సామాన్లు అమ్మే సేటు పళ్ళు అరిగిపోయిన మా ఫ్రీవీలును అటూ ఇటూ తిప్పి చూసి, “గిసొంటిది ఈడ దొరకది సార్. పెట్టి పో, రాయచూర్ల అడుగుత,” అన్నాడు. పెట్టి వచ్చాను. వనపర్తిలో బ్రేకు వదిలాను. నాగర్‌కర్నూల్‌లో టైరు కోసమని ముందు చక్రమే అప్పజెప్పాను. బిజినేపల్లి మెకానిక్ ఒకాయన, “లేడీస్ సైకిల్ ఫ్రీవీల్ ఉన్నది, ఎక్కుతది,” అన్నాడు గానీ, గుళ్ళోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాను ఆయన్ని.

మామ ఫోన్ చేసేవాడు. “యాడిదాంక వచ్చిందిరా?”

“మూడు జిల్లాలల్ల పని నడుస్తుంది మామా,” అనేవాణ్ణి. అబద్ధం కాదు, సైకిలు నిజంగానే మూడు జిల్లాల్లో ఉంది. ఇంట్లో మిగిలిన ఇనుప చట్రం మీద అత్త తడిబట్టలు ఆరేసేది. ఆమె లెక్కలో అది అప్పటికే బాగుపడినట్టు.

ఆపరేషన్ దగ్గర పడుతున్న సమయంలో నిపుణుడుగారు గ్రూపులో ఒక ఫోటో పెట్టాడు. తళతళ మెరుస్తున్న ఐదు పళ్ళచక్రాల ఫ్రీవీలు. ‘పాలమూరులో దొరికిన అరుదైన ఒరిజినల్’ అని కింద రాశాడు. నేను కాళ్ళావేళ్ళా పడ్డాను, పొగిడాను, అడిగినంత ఇచ్చాను. పార్సిల్ రాగానే విప్పీ విప్పకుండా బిజినేపల్లికి పరుగెత్తాను.

మామ దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. “గిది మనదే గదరా.”

“కాదు మామా, ఒరిజినల్‌ది!”

“అంటే మనది కాదా ఒరిజినల్? గీ పన్ను సూడు, బొంబాయిల నేను కిందవడ్డప్పుడు ఇరిగింది.”

గద్వాల సేటుకు ఫోన్ చేస్తే, “అవు సార్, ఎవలో మస్తు మోజుపడ్డడు. నువ్వు మళ్ళ రాకపోతివి, అరిగిపోయింది నీకెందుకని ఇచ్చిన. రాయచూర్ల గూడ దొరకలే,” అన్నాడు ఏ బాధా లేకుండా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మామకు మిగిలింది రేపు ఒక్క రోజే.

తెల్లారి బస్సెక్కి బ్రేకు, చక్రం వెనక్కి తెచ్చాను. అరిగిన మా ఫ్రీవీలు మీద గొలుసు నిలవలేదు. చివరికి అదే లేడీస్ సైకిల్ ఫ్రీవీలు బిగించి, గొలుసు కుదించి, సాయంత్రానికి మెకానిక్ సైకిలును నిలబెట్టాడు. మామ పంచె ఎగ్గట్టి ఎక్కాడు. బెల్లు లేదు కాబట్టి “జరుగుండ్రి, జరుగుండ్రి” అని ఆయనే అరుచుకుంటూ బజారు ఈ చివర నుంచి ఆ చివరికి పోయాడు. వెనకాల పరుగెత్తుతున్న నాకు ఆయన నవ్వు వినిపించి ఏడుపొచ్చింది. పరుగెడుతూనే ఫోన్లో ఒక ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. నిపుణుడుగారు క్షణం ఆలస్యం చేయలేదు: ‘ఒరిజినల్ కాదు.’ నా సామాను నాకే అమ్మిన మనిషి! గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

ఆపరేషనయ్యాక దవాఖానలో మామ కొత్త మోకాలు మెల్లగా వంచి చూపించాడు. “స్టీల్‌ది ఏసిండంట. డాక్టర్ సాబ్ నీ లెక్క ఒరిజినల్ కోసం గద్వాల తిరగలే అల్లుడా, బతికిపోయిన,” అన్నాడు.

ఇప్పటికీ ఆయన ఆ కాలితోనే ఆ సైకిలు తొక్కుతున్నాడు. అప్పటి నన్ను తలుచుకుంటే కోపం రాదు, జాలేస్తుంది. ఎదురుపడితే కూర్చోబెట్టి ఒక చాయ్ తాగించాలనిపిస్తుంది. తాగడానికి ముందు వాడు కప్పు తిరగేసి, ఇది ఏ కాలం నాటిదని అడుగుతాడు, నాకు తెలుసు.