తొమ్మిదివేల తొమ్మిదివందల డెబ్బై మూడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘లేదు’ అనే మాట వినబడకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి, దీపం ఆరిపోతే కొండెక్కిందనాలి. రేపల్లెలో మా వీధి మొత్తానికీ ఉన్న అలవాటే గానీ, మా నాయనమ్మకి ఆ పట్టింపు మరీ ఎక్కువ.

మా పెదనాన్న లెక్కల మాస్టారు. రోజూ పొద్దుటి బండికి తెనాలి వెళ్లి సాయంత్రం బండికి తిరిగొచ్చేవారు. ఐదో తరగతి చివర్లో, నన్నూ ఆ బండెక్కించి తెనాలి బడిలో వేయమని పోరు పెట్టాను. ఆడపిల్లకి అంత దూరం దేనికన్నారు నాన్న. చివరికి విసిగిపోయి, పెదనాన్న సరేనంటే సరేనన్నారు.

మర్నాడు బయల్దేరుతూ పెదనాన్న నా పలక మీద 9973 అని రాశారు. ఒకటీ, అదీ కాక దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్య ఏదన్నా ఉందేమో సాయంత్రానికి చెప్పమన్నారు. వందలోపు ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలట. అవి పాతిక.

రెండుతో మొదలుపెట్టాను. మూడు, ఐదు, ఏడు. ఎంత చేసినా ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. నలభైమూడు దగ్గర ఏడుపొచ్చింది. ఏమీ దొరకలేదంటే నాకు లెక్కలు రావనుకుంటారని భయం. పైగా పెద్దవాళ్లు అడిగినదానికి లేదనడం మా ఇంట్లో ఎరగని పని. బండి కూత వినబడగానే 97 × 103 అని రాసేశాను.

పెదనాన్న చెప్పులైనా విప్పకుండా పలక చూశారు.

“ఏడు మూళ్లు ఎంతమ్మా?”

“ఇరవై ఒకటి పెదనాన్నా.”

“మరి చివర ఒకటి రావాలి గదా. ఈ మూడెక్కడిది?”

ఇక తెనాలి ఆశ వదులుకోవలసిందే అనుకున్నాను. ఆయన తిట్టలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి, నా పక్కన చాప మీద కూర్చున్నారు. ఇంకా పదకొండు మిగిలాయి, కానీయమన్నారు. పొద్దుటినుంచీ నిలబడి పాఠాలు చెప్పిన మనిషి, కళ్లు మూతలు పడుతున్నా లేవలేదు. ఆఖరి తొంభై ఏడుకి డెబ్బై తొమ్మిది మిగిలింది.

“ఇప్పుడు లేదని రాయి” అన్నారు.

“సంధ్యవేళ ఆ మాటేంటిరా!” అంది నాయనమ్మ వంటింట్లోంచి.

“పాతికసార్లు చూశాకే అంటోందిలే అమ్మా” అని నవ్వి, నావైపు తిరిగారు. “గుణిస్తే ఇది వచ్చే రెండు సంఖ్యలూ వంద దాటితే పదివేలు మించిపోదూ? ఒకటన్నా వందలోపు ఉండాలి. అక్కడ లేదని చూశావు. కాబట్టి ఇది ప్రధాన సంఖ్య. అదే జవాబు.”

ఆ జూన్‌లో నన్ను బండెక్కించారు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నేనూ లెక్కలే చెప్పి రిటైరయ్యాను, బాపట్లలో ఉంటున్నాం. మా వారికి మతిమరుపు ముదిరింది. ఎప్పుడో పోయిన తమ్ముడు వచ్చాడేమో చూడమని సాయంత్రమైతే పదిసార్లు అడుగుతారు. వస్తున్నాడని ఓ మాట అనేస్తే పోయేదానికి ఎందుకండీ ఈ అవస్థ అంటుంది పక్కింటి అమ్మాయి. అనాలనే ఉంటుంది. నిజంగానే అలసిపోయాను. కానీ నోరు రాదు. మోకాళ్లు పట్టుకుని లేచి, గేటు దాకా నడిచి, రోడ్డు ఆ చివరి వరకూ చూస్తాను. తిరిగొచ్చి, “లేదండి, రాలేదు” అంటాను. పదోసారి కూడా వెళ్లి చూసొచ్చాకే అంటాను.