వ్యాధో బుద్ధో తెలియని రోజులు

ఆ సాయంత్రం రేపల్లె బజారు నుంచి ఇద్దరం నడిచి వస్తున్నాం. మా వారి కుడిచెయ్యి ఊగడం లేదు. ఒంటికి అతికించినట్టు ఉంది. "చెయ్యి నొప్పా అండీ?" అంటే "ఏం లేదే" అన్నారు.

మా వారు శామ్యూలు గారు భట్టిప్రోలు హైస్కూల్లో లెక్కల మాస్టారు. బోర్డు మీద అంకెలు రానురాను చిన్నవైపోతున్నాయని, వెనక బెంచీల పిల్లలు కనబడటం లేదంటున్నారని ఆ వారమే చెప్పారు. ముఖంలో నవ్వు కూడా పోయింది. నేను జోకు చెప్పినా అదే ముఖం, కసిరినా అదే ముఖం. నా మీద కోపమేదో దాస్తున్నారనిపించింది.

తెనాలిలో న్యూరాలజిస్టుకి చూపించాం. నడిపించి చూశారు, వేళ్ళు ఆడించమన్నారు, ఎమ్మారై తీయించారు. "పార్కిన్సన్స్ అమ్మా. పూర్తిగా పోదు, మందులతో నెట్టుకురావచ్చు" అన్నారు. ముఖం కదలకపోవడం కూడా జబ్బేనట. మా వారు నావైపు తిరిగి "విన్నావా, నీ మీద కోపం కాదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

మందులు కొన్నాళ్ళు బాగానే పనిచేశాయి. తర్వాత చేతికి వణుకు మొదలై పెరిగితే ఇంకో ట్యాబ్లెట్ కలిపారు, దాని డోస్ పెంచారు. ఒళ్ళు తేలికపడింది. మనిషి మాత్రం మారిపోయారు.

నేను చర్చి క్వాయర్‌లో పాడేదాన్ని. కీబోర్డు వాయించే ఆనందరావు గారు మాకంటే పెద్దాయన, భార్య పోయి ఒంటరిగా ఉంటారు. ఒకరోజు ప్రాక్టీసు నుంచి వచ్చేసరికి మా వారు వాకిట్లో నిలబడి ఉన్నారు.

"ఇంతసేపు ఏం పాట?"

వేళాకోళం అనుకున్నాను. తర్వాత నేను స్నానానికి వెళితే నా ఫోన్ తెరిచి చూడటం మొదలుపెట్టారు. మంచి చీర కడితే "ఎవరి కోసం?" అనేవారు. క్వాయర్ మానేస్తే "దొరికిపోయావు కాబట్టే మానేశావు" అన్నారు. కాఫీ ఇస్తే "ముందు నువ్వు తాగు" అనేవారు. అంతకుముందు నన్ను పల్లెత్తు మాట అనని మనిషి! ఇన్నాళ్ళూ మనసులో ఇదే పెట్టుకుని కాపురం చేశారా అని నాకూ అనుమానం పట్టుకుంది.

చెకప్‌లో డాక్టర్ గారు అడిగారు: "ఇంట్లో ఎలా ఉంటున్నారమ్మా?"

మా వారు నన్నే చూస్తున్నారు. "బాగానే ఉన్నారండి" అన్నాను. అలాంటి మాట పరాయివాళ్ళ ముందు ఎలా చెప్పను?

ఒక ఆదివారం చర్చిలో సంస్కారం, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచారు. మా వారు లేవలేదు. "ముందు ఆమెని తప్పు ఒప్పుకోమనండి, అయ్యగారూ" అని పాస్టర్ గారితో గట్టిగా అన్నారు. ఆనందరావు గారి వైపు చెయ్యి చూపించారు. ఆ పెద్దాయన తల వంచుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే మా అన్నయ్య వచ్చి నన్ను బాపట్ల తీసుకెళ్ళాడు. మా వారి దగ్గరికి కొల్లూరు నుంచి మా ఆడపడుచు వచ్చింది.

"ఇంక అక్కడికి వెళ్ళక్కర్లేదు కరుణా" అన్నాడు అన్నయ్య. "నలుగురిలో అంత మాట అన్నాక ఏం కాపురం?"

"వ్యాధి వచ్చినా విడవనని పెళ్ళిలో ప్రమాణం చేశాను కదన్నయ్యా."

"వ్యాధికి చేశావు. అనుమానానికి చెయ్యలేదు."

ఇది వ్యాధో, ఆయన బుద్ధో ముందు తెలుసుకోవాలనుకున్నాను. మర్నాడు రైలెక్కి ఒక్కదాన్నే తెనాలి వెళ్ళాను. కాఫీ సంగతి, చర్చి సంగతి, అన్నీ చెప్పేశాను.

"రెండో ట్యాబ్లెట్ డోస్ పెంచాకే మొదలైందా?" అని అడిగారు డాక్టర్ గారు.

ఆలోచించి చూస్తే అవును.

"కొందరికి ఆ మందుతో ఇలా వస్తుంది. డెల్యూషన్స్ అంటాం, లేనిది ఉన్నట్టు గట్టిగా నమ్మేస్తారు. ముందే చెప్పాల్సిందమ్మా. ఆయన్ని తీసుకురండి, డోస్ మెల్లగా తగ్గిద్దాం. మీ అంతట మీరు మాత్రం ఆపకండి."

"మొదట్నుంచీ ఆయన మనసులో ఉన్నదే కాదు కదండీ?"

"జబ్బుకి ముందు ఎప్పుడైనా అన్నారా?"

"లేదండి."

"మరి?"

రేపల్లె వెళ్ళిపోయాను. మా ఆడపడుచూ నేనూ కలిసి ఆయన్ని తెనాలి తీసుకెళితే డాక్టర్ గారు డోస్ తగ్గించడం మొదలుపెట్టారు. నా చేతి నుంచి ట్యాబ్లెట్ తీసుకునేవారు కాదు. అందుకని స్ట్రిప్ ఎదురుగా పెడితే ఆయనే చింపుకునేవారు. ఒకే చెంబులోంచి ముందు నేను మంచినీళ్ళు తాగేదాన్ని. డోస్ తగ్గుతుంటే వణుకు తిరిగొచ్చింది. గుమ్మం దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోయి ఒకసారి పడిపోయారు కూడా. ఇంత చేసీ అనుమానం పోకపోతే ఏంటని బెంగగా ఉండేది.

పోయింది, కొంచెం కొంచెంగా. ఒక పొద్దున కాఫీ అందుకుని పేపరు చూస్తూ తాగేశారు. ఆయన గమనించలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. ఆ తర్వాత నన్ను తోడు తీసుకుని ఆనందరావు గారింటికి వెళ్ళారు. క్షమించమని మా వారు నోరు తెరిచేలోపే "లోపలికి రండి మాస్టారూ" అని పెద్దాయన చెయ్యి పట్టుకున్నారు.

వణుకు తగ్గడానికి డోస్ ఒక్క మెట్టు పెంచి చూద్దామా అని డాక్టర్ గారు అడిగితే మా వారు ఒప్పుకోలేదు. "వద్దండి. చెయ్యి వణికితే నాకొక్కడికే కష్టం."

ఇప్పుడు చొక్కా గుండీలు నేనే పెడతాను. మళ్ళీ క్వాయర్‌కి వెళుతున్నాను. ఫోన్ మోగితే ఒక్కోసారి నావైపు చూస్తారు. ఆ చూపు ఎలాంటిదా అని నేనూ చూస్తాను. మీ ఇంట్లో ఇలాంటి జబ్బు ఉంటే, మనిషి తీరు మారినప్పుడు ఎంత సిగ్గుగా ఉన్నా డాక్టర్‌కి చెప్పండి. ఎదురుగా చెప్పలేకపోతే బయటికొచ్చి ఫోన్ చేసైనా చెప్పండి.

మొన్న మా వారే అడిగారు: "కరుణా, నేను మళ్ళీ అలా అవుతున్నానా?"

"లేదండీ. అలా అయితే చెబుతాను."

"నేను నమ్మకపోతే?"

"డాక్టర్ గారికి చెబుతాను."

"నా ముందే చెప్పు."