ఒకటి వేసి చూడమన్న ధనలక్ష్మి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్‌లో, నన్ను టెక్కలి నుంచి పలాసలోని ఒక జూనియర్ కళాశాలకు గణితం లెక్చరర్‌గా బదిలీ చేశారు. ఇంటర్ మొదటి సంవత్సరంలో తొలి పాఠం ప్రమేయాలు. x స్థానంలో ఏయే సంఖ్యలు వేస్తే ప్రమేయానికి విలువ వస్తుందో, ఆ సంఖ్యల సమితిని ప్రదేశం అంటాం. వర్గమూలం లోపల రుణసంఖ్య పనికిరాదు కాబట్టి, ప్రదేశం కనుక్కోవడానికి అసమీకరణం సాధించక తప్పదు.

ఆగస్టు యూనిట్ టెస్టులో మొదటి స్థానం వచ్చినవారిని శ్రీకాకుళంలో జరిగే గణిత పోటీకి పంపాలి. ప్రశ్నపత్రమూ, జవాబుల 'కీ' కూడా నేనే తయారు చేశాను. ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వచ్చే స్వాతి మొదటిది. ఆమె పక్కనే కూర్చునే అక్కుపల్లి అమ్మాయి ధనలక్ష్మి ఒక్క మార్కు వెనకబడింది.

పేపర్లు పంచిన రోజు ధనలక్ష్మి లేచి నిలబడింది. √(x−2)·√(x−5) ప్రదేశం x ≥ 5 అని ఆమె రాస్తే, నేను రెండు మార్కులూ కోసేశాను. నా కీ ప్రకారం x ≤ 2 కూడా ఉండాలి.

"ఒకటి ఏసి సూడండి సార్," అంది. "మొదటి మూలంలో మైనస్ ఒకటి, రెండోదాన్లో మైనస్ నాలుగు. రెండూ రానప్పుడు ఏటి గుణిత్తాం?"

బోర్డు మీద వేసి చూశాను. నేను రెండు మూలాలనూ ముందే ఒకే మూలం కిందికి చేర్చేశాను. అలా చేరిస్తే రెండు రుణసంఖ్యల లబ్ధం ధనసంఖ్య అయి, తప్పు కనబడదు. తప్పు నాదేనని చెప్పి కీ దిద్దాను.

తరగతంతా స్వాతి వైపు చూసింది. ఆమె జవాబు నా కీ లాగే ఉంది. స్వాతి నోటుపుస్తకంలో ఒకటి వేసి చూసుకుని, పకపకా నవ్వి, పేపరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"కొట్టేయండి సార్. ఒడియాలో సెప్పినా ఇది తప్పే. సీకాకుళం లచ్చిమినే పంపండి."

ధనలక్ష్మి పోటీలో రెండో బహుమతి తెచ్చింది. ఆ ఏడాదంతా నేను బోర్డు మీద జవాబు రాయగానే వెనక బెంచీలు "ఒకటి ఏసి సూడండి సార్!" అని అరిచేవి. నేను వేసి చూపించేవాణ్ని.

ధనలక్ష్మిని స్టాఫ్ రూముకు పిలిచి అక్కడే కీ దిద్ది ఉంటే, ఆమె మార్కులు ఆమెకు దక్కేవి, మిగతావాళ్లు తప్పు జవాబుతోనే ఇంటికి వెళ్లేవారు. ఉపాధ్యాయుడి తప్పును తరగతిలోనే దిద్దాలని నాకు అప్పుడు తెలిసింది.