ఐదు రెక్కల మద్దికాయ

మా మేనమామ మొన్న మంగళవారం పొద్దున పాల్వంచలో తన ఇంట్లోనే కన్నుమూశారు. కబురు వచ్చేసరికి ప్రసంగం కోసం బైబిలు తెరిచి కూర్చున్నాను. మూసి, మోకాళ్లూని స్తోత్రం చెప్పుకున్నాను. నిండుగా బతికిన మనిషి.

థర్మల్ స్టేషన్లో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాక, భద్రాచలం అడవి అంచున నేను ప్రార్థన నడిపే గూడేనికి వచ్చారు. వాగు నీళ్లతో కరెంటు తీసే చక్రం పెడతానన్నారు. జేబులో ఎప్పుడూ ఏదో కాయో, ఈకో ఉండేది. "నీకు దేవుడు పుస్తకమిచ్చిండు, నాకు అడవినిచ్చిండు" అనేవారు.

అది చేపలు పట్టుకునే వాగు. గూడెం పెద్ద ముందే చెప్పాడు: "పెట్టుకోండ్రి. ఆకులడ్డం పడి నీళ్లాగినయా, పీకి గట్టు మీద పడేస్త."

నేనేమో ఊరుకోలేదు. "చక్రానికి ఏడు రెక్కలుండాల్సిందే మామా! వాక్యంలో ఏడు పరిపూర్ణ సంఖ్య!"

"వాగుకు నీ లెక్కలు తెల్వయిరా అల్లుడా."

"వాక్యం ముందు వాగెంత?" అని గర్జించాను. నా పోరు పడలేక ఏడు చదును రేకులు బిగించారు. ఆదివారం ఆ కరెంటు మీదే మైకు పెట్టి పాపం మీద విరుచుకుపడుతుంటే, మైకు గుటుక్కుమంది. రేకుల మధ్య టేకాకులు కుక్కుకుపోయాయి. గూడెం పెద్ద, గడ్డపార పట్టుకుని వాగులోకి దిగాడు.

మామ అడ్డుపడలేదు. గట్టు మీది ఏరుమద్ది చెట్టు కింద ఒక ఎండుకాయ ఏరి, తుమ్మముల్లుకు గుచ్చి నీళ్లలో పట్టారు. ఐదు రెక్కల కాయ గిర్రున తిరిగింది. కొట్టుకొచ్చిన ఆకు దాని మీది నుంచి జారిపోయింది.

"గీ కాయను ఎవరు చేసిండ్రురా?"

"దేవుడే."

"మరి ఆయన అయిదే పెట్టిండు గదా. నీ అంత సదువుకోలేదేమో!"

గూడెం పెద్ద తన గడ్డపార మీద వాలి పకపకా నవ్వాడు. "సరే, వారం ఆగుత."

ఆ వారమంతా మామ కాయను ముందు పెట్టుకుని, ప్లాస్టిక్ పైపులు చీల్చి, వేడిచేసి, అలాంటివే ఐదు రెక్కలు వంచారు. చక్రం తిరిగింది. బడిలో బల్బులు వెలిగాయి. మరుసటి ఆదివారం నా గర్వాన్ని నేనే మైకులో ఒప్పుకున్నాను. "ఇది మంచి ప్రసంగం, చిన్నగుంది" అన్నారు మామ.

మట్టి చేసి వచ్చాక, ఇక ఆ చక్రాన్ని ఎవరు చూస్తారన్న బెంగతో వాగుకు వెళ్లాను. గూడెం పెద్ద నడుము లోతు నీళ్లలో ఉన్నాడు.

"ఏంది పాస్టరయ్యా, గట్ల నిలవడ్డవ్? మీ మామ నాకు దీని పని ఎప్పుడో నేర్పిండు. నువ్ పోయి ప్రార్థన చేస్కో."

మామ వాడిన పానానే తన మొలతాడు నుంచి తీసి, నట్టు బిగించాడు. చక్రం మెల్లగా కదిలి, అతని నెరిసిన మీసాల మీద నీళ్లు చిమ్మింది.